ప్లగ్ పరీక్ష

"ముందు పళ్ళు ఎక్కించి చూస్తాను. తర్వాత ఆ పెట్టె ప్లగ్ పీకేస్తాను. అప్పుడూ ఆగకపోతేనే సంతకం," అన్నాడు ఖాయ్.

సైగాన్ నుంచి దురియన్ పళ్ళు కొనడానికి వచ్చిన మనిషి అతను. కాయ్‌బే ఊరి రైతులంతా కొనుగోలు ఒప్పందం మీద ఆ సంతకం కోసమే ఆశ పెట్టుకున్నారు. పండు మీది చీటీని ఫోనుకి చూపిస్తే, అది ఎవరి తోటదో బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ చిట్టాలోకి ఎక్కుతుంది. ఎక్కాక చెరపడం ఎవరి తరమూ కాదు. ఆ వివరం అక్కడికి వెళ్ళే దారి బల్ల కింది చిన్న కంప్యూటర్ పెట్టె. పెట్టె చచ్చిపోతే వేరే దారి వెతుక్కునేలా, ఏ పండునూ రెండుసార్లు రాయకుండా, ఊరి పిల్ల డియెప్ ఓ జావాస్క్రిప్ట్ కోడ్ లైబ్రరీతో ఏర్పాటు చేసింది. లాప్‌టాప్‌లో పరీక్షించింది గానీ, అసలు పెట్టెను ఆపి చూడటానికి ఇంకా ధైర్యం చాల్లేదు.

"ఎవరో రాసి ఊరికే ఇచ్చిన లైబ్రరీ చెల్లెమ్మా. ఊరి పంటంతా దాని మీద పెడతావా?" అన్నాడు ఖాయ్.

"ఇచ్చింది ఎవరైనా, వాడింది నేను," అంది డియెప్.

అతిథి భోజనానికని పొద్దున్నుంచీ వంటలో మునిగిన ఊత్ పిన్ని వెనకగదిలోంచి తల బయటపెట్టి, మా పిల్ల కట్టింది ఆగితే నన్నడగండి అంది. పిన్నికి కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు.

ఖాయ్ తనే ఫోను పట్టుకుని బుట్టలు తిరగేశాడు. ఒక్కో పండూ తెరమీద ఎక్కుతుంటే ముందు పెదవి విరిచాడు. తర్వాత కావాలనే ఒకే పండు చీటీని మళ్ళీ మళ్ళీ ఫోనుకి చూపించాడు. ఒక్కసారే ఎక్కింది. సైగాన్ ఉద్యోగం మానేసి దురియన్ కంపులో కూర్చుందని ఇన్నాళ్ళూ ఆటపట్టించిన రైతులు, ఇప్పుడు "మా డియెప్" అంటూ మోచేతులతో పొడుచుకున్నారు. డియెప్‌కి గర్వంతో కళ్ళు చెమర్చాయి.

"బాగుంది. ఇక అసలు పరీక్ష," అంటూ ఖాయ్ బల్ల కిందికి దూరాడు.

"పీకండి," అంది డియెప్.

అతను కింద చేత్తో తడిమి ప్లగ్ వెతికాడు.

"ఇదేంటి, పెట్టె ప్లగ్ నేలమీద పడుంది? గోడకున్న వైరు వంటింట్లోకి పోతోందే," అన్నాడు ఖాయ్. ఆ వైరు మీద చెయ్యి వేశాడు.

పిన్ని గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"అది ముట్టుకోకు నాయనా, నీ అన్నం కుక్కర్‌ది. ఆ పెట్టెది పొద్దున్నే పీకేశాను."