కాకి ముట్టని పిండం

అడవినేలే సింహరాణి ముసలి మొగుడు పోయాడు. అడవంతా గుండెలు బాదుకుంది. అందరికంటే గట్టిగా ఏడ్చింది లేడి. నిరుడు ఆయన తినేసిన తన పెద్దకూన గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆహా, ఏం రాజభక్తి!" అని నక్క మెచ్చుకుంది.

పదో రోజు పిండం పెట్టారు. కాకి వచ్చి, చూసి, ముట్టకుండా కొమ్మెక్కి కూర్చుంది.

"ఆయనకేదో కోరిక మిగిలిపోయింది. ఏమిటై ఉంటుంది?" అంది రాణి.

ఎక్కడ తన పేరు వస్తుందోనని కుందేలు గబుక్కున, "లేత లేడిమాంసమంటే ఆయనకు ప్రాణం," అంది.

అడవంతా కళ్ళు తుడుచుకుని లేడివైపు తిరిగింది. లేడి తన చిన్నకూనని పొట్టకింద దాచుకుంది. ఈసారి దానికి ఏడుపు రాలేదు.

"నీకున్నంత భక్తి ఇంకెవరికుంది లేడమ్మా!" అంది నక్క. "పిల్లనిలా ఇవ్వు."