కరెంటు పోని ఇంటికి జనరేటర్

జనరేటర్ వ్యాన్‌లోంచి దిగేసరికి కాలనీలో సగం మంది గుమ్మాల్లోకి వచ్చేశారు. అతను తల ఎత్తలేదు. దొంగ సరుకు దింపుకుంటున్నవాడిలా, తొందరగా పెరట్లోకి తెమ్మని కూలీల వెంటపడ్డాడు.

అంత బరువు తొందరగా కదుల్తుందా? ఈలోపు ఎదురింటి రిటైర్డ్ మాస్టారు చెప్పులు తొడుక్కుని రానే వచ్చారు.

"ఏం నాయనా, మతి గానీ పోయిందా? మన కాలనీలో కరెంటు పోవడం ఎవరైనా చూశారా? నువ్వుండి కూడా జనరేటర్ కొనడమేంటయ్యా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వెటకారంగా కాదు, ఆప్యాయంగానే. కాలనీలో అతనంటే అంత గౌరవం. కొట్లో ఎంతమంది నిలబడి ఉన్నా "ముందు అన్నయ్యకివ్వండి" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి భూమిలోకి కుంగిపోయినట్టుండేది.

"అమ్మ కోసం మాస్టారూ," అని నసిగి లోపలికి తప్పుకున్నాడు.

అమ్మ ఊపిరితిత్తులు ఏనాడో చేతులెత్తేశాయి. మంచం పక్కన ఆక్సిజన్ మెషిన్ ఆడినంతసేపే ఆమె ఊపిరి. అది ఆగితే కాసేపట్లోనే పెదాలు నీలం తిరుగుతాయి. మూలన చిన్న సిలిండర్ ఒకటుంది కానీ, అది గట్టెక్కించేది కొద్దిసేపే.

ఇదంతా పాత సంగతే. కిందటి వారం మధ్యాహ్నం డ్యూటీ దిగి కాలవ అవతలి పేటలోంచి వస్తూ, కరెంటు లేని ఇళ్ల గుమ్మాల్లో ఆయాసపడుతున్న ముసలివాళ్లను చూశాడు. అప్పటినుంచీ అతనికి జనరేటర్ పిచ్చి పట్టింది. పెద్దది కొనమని షాపువాడు చెవినిల్లు కట్టుకుని పోరినా వినలేదు. మెషిన్, ఫ్యాను, రెండు బల్బులు. వాటికి సరిపోయి, కాస్త మిగిలేది చాలన్నాడు. ఫ్రిజ్ కూడా అని భార్య అడిగితే, చల్లనీళ్లు లేకపోతే ఎవరూ చావరన్నాడు.

బిగించడానికి మెకానిక్ వచ్చాడు. ఎక్కడ పెట్టాలన్నదానిమీద పెద్ద పంచాయితీ నడిచింది. వానకి తుప్పు పడుతుంది, మెట్ల కింద పెట్టమంది భార్య. కాదు, వసారాలో పెడితే కళ్లముందుంటుందన్నారు మాస్టారు. ఆ పొగ కిటికీలోంచి లోపలికొచ్చిందంటే అమ్మకే కాదు, ఇంటిల్లిపాదికీ నూకలు చెల్లుతాయని అతను కొట్టిపారేశాడు. చివరికి పెరటి చివర, కిటికీలన్నిటికీ దూరంగా దిమ్మె కట్టించి, నాలుగు వైపులా గాలాడేలా పైన రేకు వేయించాడు. పొగగొట్టం ఖాళీ స్థలం వైపు తిప్పించాడు.

మాస్టారు మాత్రం ఊరుకోలేదు. ఇంత వైరింగ్ దండగ, రెండు కొసలకీ పిన్నులున్న వైరొకటి గోడ సాకెట్లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది, మా అల్లుడు అలాగే చేశాడన్నారు.

అప్పటిదాకా నెమ్మదిగా మాట్లాడినవాడు ఒక్కసారిగా కస్సుమన్నాడు.

"ఆ పని మాత్రం వద్దు మాస్టారూ. మన కరెంటు వెనక్కెళ్లి స్తంభమెక్కుతుంది. లైను ఆగిందనుకుని దానిమీద చెయ్యి వేసినవాడు మాడిపోతాడు. చేంజోవర్ స్విచ్ ఉండాల్సిందే. అయితే అది, లేకపోతే ఇది. రెండూ కలవకూడదు."

మాస్టారు నొచ్చుకున్నారు. "సరేలే, నీకు నేను చెప్పేదేముంది," అని వెళ్లిపోయారు.

మెకానిక్ ఎర్త్ కోసం గొయ్యి తవ్వుతూ మాటల్లోకి దిగాడు. తనది కాలవ అవతలి పేటేనట.

"మీరు పెట్టిపుట్టారు సార్. మాకు రోజూ మధ్యాహ్నం తీసేస్తారు. మా నాన్నకీ ఇదే మెషిన్. కరెంటు పోతే మా ఆవిడ ఆయన్ని గుమ్మంలో కూర్చోబెట్టి అట్టముక్కతో విసురుతుంది. ఊరందరికీ జనరేటర్లు బిగిస్తాను, మా ఇంటికి మాత్రం అట్టముక్కే."

అని తనే నవ్వేశాడు. అతనికి నవ్వు రాలేదు. మంచినీళ్లు తెస్తానన్న వంకతో వంటింట్లోకి వెళ్లి, పంపు తిప్పి మొహం మీద నీళ్లు కొట్టుకున్నాడు.

భార్య వెనకే వచ్చింది. "ఎందుకండీ ఈ తిప్పలన్నీ? ఎవరైనా మిమ్మల్ని వేలెత్తి చూపారా?"

"ఎవరూ చూపలేదు," అన్నాడు మొహం తుడుచుకుంటూ. "అదే నా బాధ."

సాయంత్రానికి అంతా సిద్ధమైంది. స్టార్ట్ చేసి చూపిస్తానని మెకానిక్ ముందుకొస్తే అతను ఆపాడు. తను డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది భార్యే. చెయ్యాల్సింది ఆమే. సిలిండర్ గొట్టం చేత్తో పట్టుకుని అమ్మ పక్కన నిలబడి, మెయిన్ ఆపమన్నాడు.

మెషిన్ కీచుమని అరిచి ఆగిపోయింది.

పెరట్లో భార్య తాడు లాగింది. ఇంజన్ దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగింది. మళ్లీ దగ్గే. అమ్మ నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది. గొట్టం ఆమె ముక్కు దగ్గరికి తెచ్చేలోగా, "చోక్ లాగమ్మా, చోక్," అన్న మెకానిక్ గొంతు, ఆ వెంటనే ఇంజన్ రొద వినిపించాయి. భార్య పరుగున వచ్చి స్విచ్ మార్చింది. మెషిన్ మళ్లీ బుసకొట్టింది.

అమ్మ ఊపిరి కూడదీసుకుని కొడుకు వైపు చూసింది. "ఏరా, పరీక్ష నాకా, నీ పెళ్లానికా?"

అతను దుప్పటి సరిచేసే నెపంతో మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, సబ్‌స్టేషన్‌లో అతని బల్ల మీది ఫోను మోగి, లోడు ఎక్కువైంది, ఏదో ఒక లైను తీసెయ్యమని పైనుంచి ఆర్డరు రాగానే, రోజూ కాలవ అవతలి పేట స్విచ్ మీదికి వెళ్లే అతని చెయ్యి మొట్టమొదటిసారి సొంత కాలనీ స్విచ్ మీద పడింది.