నేలలో ఉప్పు

మళ్లీ ఆకుల అంచులు మాడాయి. నిన్నటిదాకా పచ్చగా ఉన్న వంగమొక్క ఇవాళ నిప్పుసెగ తగిలినట్టు ముడుచుకుపోయింది.

తెబావు చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు. తుపుక్కున ఉమ్మి కంచె అవతలికి చూశాడు. పక్కింటి తెరెంగా గుమ్మంలో కూర్చుని చాప అల్లుతోంది. ఇటు చూసి, చటుక్కున తల దించుకుంది.

"దాని వాలకం చూడాలి నువ్వు! మన మొక్కల్లో ఉప్పునీళ్లు పోస్తోంది. సముద్రమెంత దూరం, రెండంగలు!" అంటూ ఇంట్లోకొచ్చాడు.

అతని భార్య మేరే కాలికి కట్టుతో పడుకుని ఉంది. షుగరు జబ్బుకి ఒక వేలు అప్పటికే పోయింది. కూరగాయలు తినకపోతే ఈసారి కాలే తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు. వాళ్లుండే చిన్న దీవిలో ఏ కొట్టుకెళ్లినా డబ్బా తిండే. అందుకే తెబావు ఇంటిముందు ఇసుకలో ఆకుచెత్త కలిపి వంగ, టమాటా, గుమ్మడి పెట్టాడు. మేరే కాలు నిలబడాలంటే అవి నిలబడాలి.

"నీ కళ్లతో చూశావా?" అంది మేరే.

"చూడాలా? దాని పంది మన పాదులు తవ్వితే పెద్దల్లో పెట్టి కట్టేయించాను కదా! ఆ కక్ష."

"అయితే వెళ్లి అడుగు."

"మొక్కల సంగతి అడగనా? ఊళ్లో తలెత్తుకు తిరగొద్దూ!"

అక్కడ ఒకరి మొక్కల గురించి ఇంకొకరు నోరెత్తరు. పెంచే విద్య తాత మనవడి చెవిలో చెప్పేది. పక్కవాడి పాదు బాగుందన్నా అవమానమే, బాగాలేదన్నా అవమానమే. తలలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి.

వానలు మొహం చాటేసి చాలా కాలమైంది. తాగడానికి వీధి కుళాయి ఎప్పుడొస్తే అప్పుడే. ఊరందరి వాననీటి ట్యాంకులూ ఎండిపోయాయి. పొదుపరి తెరెంగా ట్యాంకులో మాత్రం ఇంకా కాసిని నీళ్లున్నాయి. తెబావు మొక్కల కోసం పొద్దునా సాయంత్రం తన బావిలోంచి తోడి పోశాడు. మాడేకొద్దీ ఇంకా పోశాడు. అయినా మొక్కలు ఒక్కొక్కటే పోతున్నాయి. మేరే పాదం మీద నలుపు మడమకేసి పాకుతోంది. తెబావుకి అన్నం సయించడం లేదు.

ఆదివారం చర్చిలో తెరెంగా కూర్చునే చోటు ఖాళీగా కనిపించింది. కీర్తన సగంలో ఉండగానే తెబావు లేచి బయటపడ్డాడు.

మొగలిపొద చాటునుంచి చూశాడు. అనుకున్నంతా అయింది. తెరెంగా తెబావు పాదుల మధ్య వంగి, బకెట్టుతో మొదళ్లలో నీళ్లు పోస్తోంది.

అతను అరవలేదు. అడుగులో అడుగేసుకుంటూ ఆమె పెరట్లోకి వెళ్లాడు. ట్యాంకు కుళాయి పూర్తిగా తిప్పి వదిలేశాడు. నీళ్లు పడింది పడినట్టు ఇసుకలో ఇంకిపోయాయి. ఆఖరి చుక్క దాకా నిలబడి చూశాడు.

'నా పెళ్లాం కాలు తీయిస్తావా? ఇక నువ్వు గొంతెండి ఏడువు!' అనుకున్నాడు. గుండె చల్లబడింది.

అప్పుడు వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

తెరెంగా ఉలిక్కిపడి బకెట్టు వెనక్కి దాచబోయింది.

"దొరికావే దొంగా! ప్రార్థనవేళ నా ఇంటిముందు నీకేం పని? ఏం పోస్తున్నావు? చెప్పు!"

ఆమె తప్పు చేసినదానిలా తల వంచుకుంది.

"నీ బావి ఉప్పుబారిందని నీ మొహాన చెప్పలేకపోయాను అన్నా, అందుకే మా ట్యాంకులో నీళ్లున్నన్నాళ్లూ వదిన కోసం నేనే వచ్చి మంచినీళ్లు పోసిపోదామనుకున్నాను."