మంచినీళ్ల గిన్నె

రాత్రి ల్యాబులో ఆమె ఒక్కతే ఉంది. ఒక గిన్నెలోని జీబ్రా చేప పిల్లలకు పురుగుమందు కలిపిన నీళ్లు పోసింది. పోల్చి చూడటానికి పక్క గిన్నెలోని పిల్లలకు మంచినీళ్లు పోయాలి. ల్యాబు నీళ్లు అయిపోవడంతో, ఇంట్లో కుళాయి దగ్గర పట్టి తెచ్చుకున్న సీసాలోవే పోసింది.

ఇప్పుడు రెండు గిన్నెలనూ వేలితో తట్టింది. మందు నీళ్లలోని పిల్లలు ఉలిక్కిపడి చెదిరాయి. మంచినీళ్లలోవి కదల్లేదు.

భర్తకు ఫోన్ చేసింది.

"ఏమండీ, బుజ్జి కుళాయి నీళ్లు తాగిందా?"

"సీసాడు తాగి పడుకుంది. నీ కూతురి కన్నా నీ చేపలే తక్కువ తాగుతాయి" అని నవ్వాడు.

"ఒకసారి లేపండి."

"ఇప్పుడా? ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది."

"ఏడిస్తే ఏడవనివ్వండి. లేపండి."

అతని చెప్పుల చప్పుడు గదిలోకి వెళ్లి ఆగింది.

"బుజ్జీ" అన్నాడు మెల్లగా. కాసేపాగి మళ్లీ, ఇంకాస్త గట్టిగా, "బుజ్జీ..."