పదకొండో గది

అన్నయ్య పోయి ఏడాదయింది. చిన్నప్పుడు అతను సగంలో వదిలేసిన వీడియో గేమ్ పాస్‌వర్డ్ ఒకటి అతని నోటుబుక్కులో మిగిలింది, ఆగిన చోటి నుంచి మళ్లీ ఆడటానికి గేమ్ ఇచ్చే పదహారు అక్షరాలు. ఇల్లంతా నిద్రపోయాక చెల్లెలు ఆ గేమ్ పాత అసెంబ్లీ కోడ్‌ను, యంత్రానికి నేరుగా రాసిన ఆదేశాలను, ముందేసుకుని తన కంప్యూటర్‌లో కొద్దికొద్దిగా తిరగరాస్తూ కూర్చుంది. ఒక్కో అక్షరంలో ఐదు బిట్లు, అంటే ఐదు సున్నాలో ఒకట్లో. వాటిని జరిపి, విడదీసి, గది, ప్రాణాలు లాంటి ఏ లెక్కకు చెందినవి దానిలో వేస్తే అన్నయ్య ఎక్కడ ఆగాడో తెలుస్తుంది.

తెలిసింది. తొమ్మిదో గది. మిగిలిన ప్రాణం ఒకటి.

సరిచూసుకుందామని మళ్లీ నడిపింది. పదో గది. అవే అక్షరాలు, అదే కోడ్.

భర్తను లేపింది. "ఈ అక్షరాలు ఒక్కొక్కటే చదువు, నేను కొడతాను."

అతను కళ్లు నులుముకుంటూ చదివాడు. పదకొండో గది.

"తప్పేమైనా చదివావా?"

"లేదే. ఎవరిదీ ఆట?"

"అన్నయ్యది."

"పొద్దున చూద్దువుగానీ, పడుకో" అని భుజం నిమిరి వెళ్లిపోయాడు.

ఆటలో ఉన్నవి పన్నెండు గదులే. ఇంకొక్కసారి కొడితే అన్నయ్య ఆట అయిపోతుంది. ఆమెకు భయం వేయలేదు. నిద్రలో ఎవరో మెల్లగా పిలుస్తున్నట్టుంది. పదిహేను అక్షరాలు కొట్టింది. పదహారోదాని మీద వేలు ఆగింది.

స్పీకర్‌లోంచి అడుగుల చప్పుడు వినిపించింది, మెత్తగా, తీరిగ్గా. ఆటలోని శబ్దాల కోడ్‌ను ఆమె తన ప్రోగ్రామ్‌లో ఇంకా కలపనే లేదు. నాలుగడుగుల తర్వాత చప్పుడు ఆగింది, తలుపు దగ్గర ఎవరో నిలబడి ఆమె కోసం ఎదురుచూస్తున్నట్టు.