రొట్టెకి రాసిన క్రీము

"మీ ఆయన ఫ్యాక్టరీలో కలిపే పొడే రొట్టెలోనూ, మొహం క్రీములోనూ, ప్లాస్టిక్ సంచుల్లోనూ పడుతుందటగా!" అని పక్కింటావిడ చెవిలో ఊది పోయిందట. భార్య నోట ఆ మాట వినగానే ఫ్యాక్టరీలో పొడులు కలిపే మిక్సరు మేస్త్రి రొట్టె నములుతూనే రొమ్ము విరుచుకున్నాడు.

"మరేమనుకున్నావ్! నూనెనీ నీళ్లనీ విడిపోకుండా పట్టి ఉంచేది మా పొడే."

"అందుకే, వెన్న నిండుకుందని రొట్టెకి నా మొహం క్రీము రాశాను."

మేస్త్రి దవడ ఆగిపోయింది. పెరట్లోకి పరిగెత్తి పదిసార్లు పుక్కిలించి వచ్చాడు.

"పొడి ఒకటైతే తినేదీ పూసుకునేదీ ఒకటైపోతాయిటే? బుర్ర ఉందా నీకు?"

"మరి బాగుందన్నారుగా? ఇంకోటి అడిగి మరీ తిన్నారు!"

"ఏదో తెలియక అన్నాన్లే."

ఆమె క్రీము డబ్బాకి మూత బిగించింది.

"ఇరవై ఏళ్లుగా వండిపెడుతున్నా. మీరు బాగుందన్నది ఇదొక్కటే."