పలకల గుట్ట చుట్టూ

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో సులోచన పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చునే గుమాస్తా. షుగర్ వచ్చినాక, పని కాగానే విరిగిన పలకల గుట్ట చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

"చీకటిపడితే అటు పోవద్దక్కా, ఏదో వెంట నడుస్తాదంట," అన్నాడు పక్క సీటు బెన్నీ.

"నడవనీ తమ్ముడూ, నాకూ తోడు కావాల."

ఆ సాయంత్రం ఆమె గుట్ట చుట్టూ నడుస్తుండగా కరెంటు పోయింది. ఆమె ఆగినా, వెనక పలక ముక్కలు నలిగే చప్పుడు ఆగలేదు. సులోచన పరుగెత్తింది. వెనక అడుగులూ పరుగెత్తాయి. ఒకప్పుడు తాను సగంలోనే కూలబడే ఆఫీసు మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, లోపలికెళ్ళి తలుపుకు గడియ పెట్టింది.

లోపల కొవ్వొత్తి పట్టుకున్న బెన్నీ బిగుసుకుపోయాడు.

ఆమెకు ఆయాసం లేదు. తలుపు అవతల మాత్రం ఏదో రొప్పుతోంది.

"రేపు కూడా రా," అంది సులోచన తలుపుకు దగ్గరగా. "కాస్త ప్రాక్టీసు చేసి రా."